ఎవరికో వచ్చే జబ్బు

2000ల తొలి ఏళ్లలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పట్టణాల కూడళ్లలో, బస్టాండ్ల దగ్గర, రహదారుల పక్కన వెలసిన హోర్డింగులు దారిన పోయేవారిని ‘పులిరాజాకు ఎయిడ్స్ వస్తుందా?’ అని అడిగాయి. ఆ పులిరాజా ఎవరో, అడుగుతున్నదెవరో తెలియక జనం కొంతకాలం తర్జనభర్జన పడ్డారు. అది ఎయిడ్స్ నియంత్రణ ప్రచారంలో భాగమని తర్వాత తెలిసింది. అప్పటిదాకా ఇళ్లలో పలకడానికే జంకిన జబ్బు పేరును టీకొట్టు దగ్గరి మాటల్లోకి, కుర్రాళ్ల పరాచికాల్లోకి తెచ్చిన ఘనత ఆ ప్రచారానిది, ఆ మేరకు అది సాధించింది తక్కువేమీ కాదు. అయితే ఆ ప్రశ్నకు ఎవరు ఏ జవాబు చెప్పినా అది పులిరాజా గురించిన జవాబే అయ్యేది. పేరులోనే దూకుడున్న ఆ మగవాడికి జబ్బు వస్తుందో రాదో తేల్చడంలో పడిన చదువరి, తన సంగతి తేల్చుకోవలసిన అవసరం లేకుండానే ముందుకు సాగిపోగలిగాడు.

లైంగిక సంబంధం ద్వారా ఒకరి నుంచి ఒకరికి సోకే జబ్బులను వైద్యులు లైంగిక సంక్రమణ వ్యాధులంటారు. జనం నోట అవి సుఖవ్యాధులు, హైదరాబాద్ పాతబస్తీ గోడల మీది ప్రకటనల్లో గుప్త రోగాలు. బాక్టీరియా వల్ల వచ్చే సవాయి, అంటే సిఫిలిస్, సెగవ్యాధిగా పేరుపడిన గనేరియా, అంతగా ఎవరికీ పేరు తెలియని క్లమీడియా; వైరస్‌ల వల్ల వచ్చే హెర్పిస్, హెపటైటిస్ బి, హెచ్ఐవీ, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు మూలమైన హెచ్‌పీవీ; ఏకకణ పరాన్నజీవి వల్ల వచ్చే ట్రైకోమోనియాసిస్ వీటిలో ముఖ్యమైనవి. ఇలాంటి జబ్బు తనకు సోకే అవకాశం ఎంత ఉందని ఒక మనిషి అనుకుంటాడో దాన్ని ముప్పు అంచనా అంటారు. ఆ అంచనా అసలు ముప్పుతో సరితూగాలన్న నియమం లేదు. విశ్వవిద్యాలయాల్లో చదివే వయసులో అది చాలా సందర్భాల్లో సరితూగదు కూడా.

ఈ తేడాను ప్రయోగాత్మకంగా చూపినవారిలో అమెరికాలోని రట్గర్స్ విశ్వవిద్యాలయానికి చెందిన మనస్తత్వ శాస్త్రవేత్త నీల్ వైన్‌స్టీన్ ముఖ్యుడు. ఆయన 1980లో ప్రచురించిన అధ్యయనంలో 258 మంది కళాశాల విద్యార్థులకు జీవితంలో జరగగల 42 సంఘటనల జాబితా ఇచ్చి, తోటి విద్యార్థులతో పోలిస్తే అవి తమకు జరిగే అవకాశం ఎక్కువో తక్కువో చెప్పమన్నాడు. ఇల్లు కొనుక్కోవడం వంటి మంచి సంఘటనలతో పాటు గుండెపోటు, ఉద్యోగం పోవడం, సుఖవ్యాధి సోకడం వంటి చెడ్డవి కూడా అందులో ఉన్నాయి. మంచివి సగటు కంటే ఎక్కువగా, చెడ్డవి సగటు కంటే తక్కువగా తమకు జరుగుతాయని విద్యార్థులు మొత్తంమీద అనుకున్నారు. ఒక తరగతిలోని కొందరు సగటు కంటే తక్కువ ముప్పులో ఉండవచ్చు గాని, తరగతి మొత్తం సగటు కంటే తక్కువ ముప్పులో ఉండడం లెక్క ప్రకారం సాధ్యం కాదు. ఈ ధోరణికి అవాస్తవిక ఆశావాదం అని పేరు వచ్చింది. ఏ చెడ్డ సంఘటన విషయంలోనైతే ‘ఇది ఇలాంటివాళ్లకు జరుగుతుంది’ అనే స్థిరమైన బొమ్మ మనసులో ఉందో, ఏ సంఘటనను తమ చేతిలో ఉన్నదిగా భావిస్తారో, ఆ సంఘటన విషయంలో ఈ ఆశావాదం మరింత బలంగా కనిపించిందన్నది ఆ అధ్యయనంలో అన్నిటికన్నా విలువైన అంశం. సుఖవ్యాధులకు ఈ రెండు లక్షణాలూ ఉన్నాయి.

పాతబస్తీలోను, దాని అంచుల్లోను ఉన్న కళాశాలల్లో ఇప్పుడు డిగ్రీ చదువుతున్నవారిలో ఎక్కువమంది పులిరాజా హోర్డింగులను చూసే అవకాశమే లేనివారు. ఆ ప్రచారం సాగిన కాలంలో వారు పసివాళ్లు, లేదా ఇంకా పుట్టలేదు. నయాపూల్ దగ్గరి సిటీ కాలేజీలో, హుసేనీ ఆలంలోని ప్రభుత్వ మహిళా డిగ్రీ కళాశాలలో చదివేవారికి, రోజూ మూసీ దాటి ఉస్మానియా విశ్వవిద్యాలయానికి వెళ్లివచ్చేవారికి హెచ్ఐవీ ఒక పాఠ్యాంశం, మిగతా లైంగిక సంక్రమణ వ్యాధులు చాలావరకు పేరు వినని జబ్బులు. పాత తరానికి పులిరాజా రూపంలో ఉన్న ఆ ‘ఎవరో’ ఈ తరానికి వేరే రూపాల్లో ఉన్నాడు: లారీ డ్రైవర్, వలస కూలీ, లాడ్జీలకు వెళ్లే మనిషి, నగరానికి మరో కొసన ఐటీ కారిడార్‌లో స్వేచ్ఛగా తిరిగే వాళ్లు. ఐటీ కారిడార్‌లోని విద్యార్థిని అడిగితే వేలు మరోవైపు చూపవచ్చు.

పాతబస్తీ విషయంలో ఇక్కడ ఒక మాట జాగ్రత్తగా చెప్పవలసి ఉంది. ఇరుగుపొరుగు కళ్ల ముందు సాగే బతుకు, ఇంటి పెద్దల అదుపు, మతనిష్ఠ, త్వరగా జరిగే పెళ్లిళ్లు ఇక్కడి యువతలో చాలామంది ప్రవర్తనను నిజంగానే మలుస్తాయి, ఆ మేరకు వారి ముప్పును నిజంగానే తగ్గిస్తాయి. దీన్ని కాదనడం శాస్త్రం కాదు. చిక్కు మరోచోట ఉంది. కట్టుబాటు ఉన్న కుటుంబంలో పుట్టడమే రక్షణ అనే భావన స్థిరపడినప్పుడు, ఆ కట్టుబాటును ఎప్పుడో ఒకసారి దాటిన యువకుడు కూడా తనను ఆ రక్షణలో ఉన్నవాడిగానే లెక్కించుకుంటాడు, దాటిన సంగతి ఎవరికీ చెప్పలేడు గనుక ఆ లెక్కను సరిదిద్దేవారు కూడా అతనికి దొరకరు. సూక్ష్మజీవి కుటుంబ మర్యాదను గుర్తించదు.

చెప్పలేకపోవడం ఎంత లోతైనదో పరిశోధకులకు బాగా తెలుసు. ముంబైలోని అంతర్జాతీయ జనాభా అధ్యయన సంస్థ, పాపులేషన్ కౌన్సిల్ కలిసి 2006 నుంచి 2008 వరకు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌తో సహా ఆరు రాష్ట్రాల్లో 50 వేలకు పైగా యువతీయువకులను ఇంటర్వ్యూ చేసినప్పుడు, పెళ్లికి ముందు లైంగిక అనుభవం గురించి ముఖాముఖి అడగడంతో ఆగలేదు. చివరలో ఒక చిన్న కాగితం ఇచ్చి, జవాబు గుర్తు పెట్టి కవరులో పెట్టి తామే అంటించి ఇమ్మన్నారు; ఇంటర్వ్యూ చేసినవారు దాన్ని తెరవరు. ఎదుటి మనిషికి నోటితో చెప్పని నిజాన్ని మూసిన కవరుకు చెప్పినవారు ఉన్నారు. ఎదురుగా కూర్చున్న అపరిచితుడి దగ్గరే ఇంత గుట్టుగా ఉండే విషయాన్ని, అదే వీధిలో తండ్రిని ఎరిగిన డాక్టరు దగ్గర ఒక విద్యార్థి విప్పుతాడని ఆశించడం కష్టం.

ఇక సూక్ష్మజీవుల వైపు నుంచి చూస్తే, విద్యార్థుల అంచనా తప్పడానికి అతి పెద్ద కారణం ఈ జబ్బుల నిశ్శబ్దం. జబ్బు అంటే నొప్పి, జ్వరం, పుండు, కంటికి కనబడే ఏదో ఒక గుర్తు అనేది మనిషి చిన్ననాటి నుంచి నేర్చుకున్న పాఠం. క్లమీడియా సోకిన స్త్రీలలో సుమారు నూటికి 70 మందిలో, పురుషులలో దాదాపు సగం మందిలో ఏ లక్షణమూ ఉండదు. గనేరియా సోకిన పురుషుడికి సాధారణంగా మూత్రంలో మంట, చీము కనిపిస్తాయి. స్త్రీలలో సుమారు సగం మందికి ఏమీ తెలియదు. సవాయి మరింత మోసకారి: సోకిన సుమారు మూడు వారాలకు నొప్పి లేని పుండు ఒకటి పుడుతుంది, మందు వాడకపోయినా కొన్ని వారాల్లో మానిపోతుంది, మానిందని మనిషి సంతోషించే సమయానికి బాక్టీరియా రక్తంలో ప్రయాణిస్తూ ఉంటుంది. హెచ్ఐవీ సోకినవారు చికిత్స లేకుండానే సగటున ఎనిమిది, పదేళ్ల పాటు బయటికి ఆరోగ్యంగా కనిపించగలరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2020లో క్లమీడియా, గనేరియా, సిఫిలిస్, ట్రైకోమోనియాసిస్ అనే నాలుగు నయమయ్యే జబ్బులే 15 నుంచి 49 ఏళ్ల వారిలో 37 కోట్ల 40 లక్షల సార్లు కొత్తగా సోకాయి, అంటే రోజుకు పది లక్షలకు పైనే. వీటిలో అధికభాగం లక్షణాలు లేనివి.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఒక మనిషికి హెచ్ఐవీ గురించి సమగ్ర అవగాహన ఉందని ఒప్పుకోవడానికి పెట్టిన షరతుల్లో, చూడడానికి ఆరోగ్యంగా ఉన్న వ్యక్తికి కూడా హెచ్ఐవీ ఉండవచ్చని తెలిసి ఉండడం ఒకటి. కండోమ్ వల్ల, సంక్రమణ లేని ఒకే భాగస్వామికి పరిమితం కావడం వల్ల ముప్పు తగ్గుతుందని తెలియడం, రెండు సాధారణ అపోహలను తోసిపుచ్చగలగడం మిగతావి. 2019 నుంచి 2021 వరకు జరిగిన ఐదో సర్వేలో దేశం మొత్తంమీద ఈ పరీక్షలో నెగ్గినవారు 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో 21.6 శాతం, పురుషులలో 30.7 శాతం. ఎయిడ్స్ అనే పేరు వినడానికి, ఆ జబ్బు తీరు తెలియడానికి మధ్య ఉన్న దూరం ఈ అంకెల్లో కనిపిస్తుంది.

అంచనా తప్పే రెండో చోటు లెక్క. గనేరియా ఉన్న స్త్రీతో కండోమ్ లేకుండా ఒక్కసారి కలిసిన పురుషుడికి అది సోకే అవకాశం సుమారు 20 శాతమని వైద్య గ్రంథాలు చెబుతాయి. ఆ జబ్బు ఉన్న పురుషుడి నుంచి స్త్రీకి సోకే అవకాశం అంతకు రెండు రెట్లకు పైనే. మొదటిసారి ఏమీ కాకపోతే, తనకేదో సహజ రక్షణ ఉందని యువకుడు నమ్మడం మొదలుపెడతాడు. కాని ప్రతిసారీ తప్పించుకునే అవకాశం 80 శాతమైతే, మూడుసార్లూ తప్పించుకునే అవకాశం 80 శాతాన్ని 80 శాతంతో, మళ్లీ 80 శాతంతో హెచ్చవేయగా వచ్చే 51 శాతం మాత్రమే, అంటే మూడోసారికి సోకే అవకాశం దాదాపు సగానికి చేరుతుంది. ఒక్కోసారి నూటికి ఒకటి చొప్పున ఉన్న ముప్పు కూడా నూరుసార్లు ఎదురైతే 63 శాతం అవుతుంది. ఇంటర్‌లో సంభావ్యత సిద్ధాంతం చదివి ప్రవేశ పరీక్షలో ఈ రకం లెక్కలు నిమిషంలో చేసిన విద్యార్థి సైతం తన బతుకు దగ్గరికి వచ్చేసరికి ఈ గుణకారం చేయడు, ఎందుకంటే ముప్పును అతడు అంకెగా కాక అనుభవంగా తూచుతున్నాడు, ఏమీ జరగని అనుభవం అతడికి ప్రతిసారీ అదే ధైర్యాన్ని ఇస్తోంది.

హెచ్ఐవీ విషయంలో పొరపాటు తిరగబడి కనిపిస్తుంది. హెచ్ఐవీ ఉండి చికిత్సలో లేని పురుషుడి నుంచి స్త్రీకి ఒక్కసారి యోని సంపర్కంలో వైరస్ సోకే అవకాశం పదివేలకు సుమారు ఎనిమిది. చాలామంది ఊహించే దానికన్నా ఇది ఎంతో తక్కువ. దీన్ని చెప్పడానికి ఆరోగ్య ప్రచారకులు జంకుతారు, చెబితే నిర్లక్ష్యం పెరుగుతుందని భయపడతారు. కాని భయం మీద మాత్రమే కట్టిన ప్రచారం అంతకన్నా పెద్ద నష్టం చేస్తుంది: అసలు భయపడవలసింది హెచ్ఐవీకేనన్న నమ్మకం కలిగించి, అంతకన్నా ఎన్నో రెట్లు సులభంగా సోకే మిగతా జబ్బులను కనుమరుగు చేస్తుంది. పైగా జననాంగాల మీద సవాయి పుండో, హెర్పిస్ పుండో ఉన్నప్పుడు హెచ్ఐవీ సోకే అవకాశం పెరుగుతుంది గనుక ఈ జబ్బులను విడివిడిగా తూచడం కుదరదు. దేశంలో 2023 అంచనాల ప్రకారం వయోజనుల్లో హెచ్ఐవీ ఉన్నవారు 0.20 శాతం కాగా తెలంగాణలో 0.44 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 0.62 శాతం కనుక, తెలుగు నేల మీద ఆ వైరస్‌ను తేలికగా తీసుకోవడానికీ వీల్లేదు.

మూడోది నమ్మకం. అమెరికా కళాశాల విద్యార్థుల మీద 1992లో వెలువడిన ఒక పరిశోధన, వారు భాగస్వామి ద్వారా సోకే ముప్పును అంచనా వేయడానికి ఆ వ్యక్తి స్వభావాన్ని కొలబద్దగా వాడుతున్నారని గుర్తించింది: బాగా తెలిసినవారు, నచ్చినవారు ముప్పు లేనివారు, బార్లలో తిరిగేవారు, దుస్తులు ఒక రకంగా ఉన్నవారు ముప్పు ఉన్నవారు. ఈ కొలబద్ద హైదరాబాద్‌లో పనిచేయదని అనుకోవడానికి ఆధారమేదీ లేదు. మంచి కుటుంబం, మంచి మార్కులు, మంచి మాట ఇక్కడ కూడా ఆరోగ్య ధ్రువపత్రంలా చెల్లుబాటవుతాయి. నిజానికి ఒక వ్యక్తి నుంచి వచ్చే ముప్పు ఆ వ్యక్తి స్వభావం మీద కాక, ఆ వ్యక్తికి ఇంతకుముందు ఉన్న సంబంధాల మీద, ఆ సంబంధాల్లోని వారికి ఉన్న సంబంధాల మీద ఆధారపడుతుంది, అంటే ఎన్నడూ చూడని, పేరు తెలియని మనుషుల గొలుసు మీద. ఒకరి తర్వాత ఒకరుగా, ప్రతిసారీ నిజాయతీగా ఒక్కరితోనే ఉన్న విద్యార్థి తనను ఏకభాగస్వామి గల మనిషిగా భావించుకోవడం సహజం. పరీక్ష చేయించుకోకుండా ఒక బంధం ముగించి మరొకదానిలోకి వెళ్లినప్పుడు ఆ నిజాయతీ సూక్ష్మజీవికి అడ్డుకట్ట వేయదు.

యువకుల భయాలు ఎటు మళ్లుతున్నాయో పాతబస్తీ గోడలు చెబుతాయి. ఫ్లైఓవర్ స్తంభాల మీద, మూత్రశాలల గోడల మీద, బస్టాపుల వెనక అంటించిన గుప్త రోగ చికిత్సా ప్రకటనలు ముఖ్యంగా వాగ్దానం చేసేది సంక్రమణకు చికిత్సను కాదు, బలహీనతకు మందును. వీర్యం పోతే ఒంట్లో సత్తువ పోతుందన్న నమ్మకం వల్ల కలిగే ఆందోళన, నీరసం, నిద్రలేమిని మనోవైద్యుడు నరేంద్రనాథ్ విగ్ 1960లో ధాత్ సిండ్రోమ్ అనే పేరుతో వర్ణించాడు. స్వప్నస్ఖలనం జబ్బు కాదు, హస్తప్రయోగం వల్ల నరాల బలహీనత రాదు. అయినా ఈ లేని జబ్బు కోసం కుర్రవాళ్లు దొంగచాటుగా డబ్బు ఖర్చుపెడతారు, ఉన్న జబ్బుకు మాత్రం మెడికల్ షాపులో చీటీ లేకుండా రెండు యాంటీబయాటిక్ మాత్రలు కొని మింగి ఊరుకుంటారు. అరకొర మోతాదు లక్షణాన్ని అణచి జబ్బును మిగల్చవచ్చు. గనేరియా బాక్టీరియా ఇలాంటి వాడకం వల్ల కూడా ఒకదాని తర్వాత ఒకటిగా మందులకు లొంగకుండా తయారై, ఒకప్పుడు ఒక్క మాత్రతో నయంచేసిన సిప్రోఫ్లాక్సాసిన్‌ను పనికిరానిదిగా మార్చేసింది. చార్మినార్ పక్కనే ఉన్న నిజామియా యునానీ ఆసుపత్రి వంటి అర్హతగల వైద్యులున్న చోటికీ, గోడల మీది ఈ ప్రకటనలకూ సంబంధం లేదు. యునానీ వైద్యం ఆత్‌షక్, సూజాక్ పేర్లతో సవాయిని, గనేరియాను వేర్వేరు జబ్బులుగా ఎప్పటినుంచో గుర్తించింది. ఈ రెండూ బాక్టీరియా వల్ల వచ్చేవి గనుక, ఏ పద్ధతి వైద్యుడి దగ్గరికి మొదట వెళ్లినా యాంటీబయాటిక్ చికిత్స తప్పనిసరి.

విద్యార్థినుల పరిస్థితి దీనికి భిన్నం, చాలా విధాల మరింత కఠినం. ఇరవై ఏళ్లలోపు వయసులో గర్భాశయ ముఖద్వారం మీద సున్నితమైన లోపలి పొర కణాలు బయటివైపుకు విస్తరించి ఉంటాయి. వయసు పెరిగే కొద్దీ వాటి స్థానాన్ని గట్టి కణాలు ఆక్రమిస్తాయి. క్లమీడియా, గనేరియా సూక్ష్మజీవులు ఎక్కువగా అంటుకునేది ఆ సున్నితమైన కణాలకే గనుక అదే సంపర్కం వల్ల పద్దెనిమిదేళ్ల అమ్మాయికి కలిగే ముప్పు ముప్పై అయిదేళ్ల స్త్రీకి కలిగే ముప్పు కంటే ఎక్కువ. గుర్తించని క్లమీడియా గర్భాశయంలోకి, అండవాహికల్లోకి పాకితే సంతానలేమికి, గొట్టంలో గర్భం నిలవడానికి దారితీయవచ్చు. మరోవైపు, తెల్లబట్ట అవుతోందని భయపడే అమ్మాయిల్లో చాలామందికి ఉన్నది లైంగిక సంక్రమణ కాదు. సహజమైన స్రావమో, సంపర్కంతో సంబంధం లేని ఫంగస్ లాంటిదో అయి ఉంటుంది. అయితే ఆ మాట డాక్టరు నుంచి వినాలంటే ముందు డాక్టరు దగ్గరికి వెళ్లాలి, పెళ్లికాని అమ్మాయి సుఖవ్యాధుల విభాగం ముందు వరసలో నిలబడితే నలుగురూ ఏమనుకుంటారన్న భయం ఆ అడుగును ఆపుతుంది.

పెళ్లి తర్వాత ఆ భయం పోతుంది, ముప్పు మాత్రం పోదు. చదువు మధ్యలోనో చివరలోనో పెళ్లయ్యే పాతబస్తీ అమ్మాయిల్లో చాలామందికి మొదటి, ఏకైక భాగస్వామి భర్తే. భారతదేశంలో హెచ్ఐవీ సోకిన స్త్రీలలో ఎక్కువమందికి అది వచ్చింది కూడా భర్త నుంచే. తన ప్రవర్తనను బట్టి తన ముప్పును అంచనా వేసుకునే స్త్రీకి ఈ లెక్కలో సున్నా వస్తుంది, ఆ సున్నా తప్పు, ఆ తప్పు ఆమెది కాదు. పేట్ల బురుజు ప్రసూతి ఆసుపత్రికి వచ్చే గర్భిణులకు హెచ్ఐవీ, సిఫిలిస్ పరీక్షలు చేసేది అందుకే. తల్లికి తెలియని సవాయి కడుపులోని బిడ్డను చంపగలదు, సకాలంలో ఇచ్చిన పెన్సిలిన్ ఆ బిడ్డను కాపాడగలదు.

హెచ్‌పీవీ సంగతి ఇంకా భిన్నం. లైంగిక జీవితం మొదలైన వారిలో అత్యధికులకు ఎప్పుడో ఒకప్పుడు సోకే ఈ వైరస్ చాలావరకు రెండేళ్లలో దానంతటదే పోతుంది, పోనివారిలో కొందరికి ఏళ్ల తర్వాత గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌గా మారుతుంది. దేశంలో 2022లో ఈ క్యాన్సర్ కొత్తగా వచ్చినవారు సుమారు లక్షా 27 వేల మంది, చనిపోయినవారు దాదాపు 80 వేల మంది. చర్మం చర్మానికి తగిలితే సోకే వైరస్ కాబట్టి కండోమ్ దీన్ని పూర్తిగా ఆపలేదు; టీకా చాలావరకు ఆపగలదు. లైంగిక జీవితం మొదలు కాకముందే, తొమ్మిది నుంచి పద్నాలుగేళ్ల మధ్య వేస్తే ఎక్కువ ఫలితం, అయినా 26 ఏళ్ల వరకు వేయించుకోవచ్చు. తెలుగు నేలపై ఈ టీకా పేరు మొదట పెద్దగా వినిపించింది చేదు సందర్భంలో: 2009లో ఖమ్మం జిల్లాలో గిరిజన బాలికలతో సహా వేలమందికి ప్రయోగాత్మకంగా వేసిన కార్యక్రమం, కొందరు బాలికల మరణాల వార్తలతో 2010 ఏప్రిల్‌లో ఆగిపోయింది. మరణాలకు టీకా కారణమని విచారణలో తేలలేదు గాని, తల్లిదండ్రుల సమ్మతి తీసుకున్న తీరులో తీవ్రమైన లోపాలు బయటపడ్డాయి. సమ్మతి విషయంలో చేసిన ఆ అన్యాయం ఒక మంచి టీకా మీద ఏళ్ల తరబడి అనుమానపు నీడ వేసింది. పుణేలోని సీరం సంస్థ తయారుచేసిన దేశీయ టీకా సెర్వావాక్ 2023లో విడుదలై ధర తగ్గించింది. కళాశాల అమ్మాయిల్లో దాని గురించి అడిగేవారు అరుదు, చెప్పేవారు ఇంకా అరుదు.

పాతబస్తీ యువకుల్లో ఎంతోమంది లైంగిక సంక్రమణ పరీక్ష చేయించుకుంటున్నారు, అయితే ముప్పు గుర్తించి కాదు, గల్ఫ్‌కు వెళ్లడానికి. సౌదీ, కువైట్ వంటి గల్ఫ్ దేశాలకు ఉద్యోగ వీసా రావాలంటే జనం గామ్కా మెడికల్ అని పిలిచే ఆరోగ్య పరీక్షలో నెగ్గాలి. అందులో ఛాతీ ఎక్స్‌రేతో పాటు హెచ్ఐవీ, హెపటైటిస్ బి, సి, సిఫిలిస్ పరీక్షలుంటాయి. ఫలితం ఫిట్ లేదా అన్‌ఫిట్ అన్న ఒక్క ముక్కలో వస్తుంది. ఈ ఏర్పాటు తెలియకుండానే ఒక పాఠం నేర్పుతోంది: పరీక్ష అనేది రోగికి మేలు చేసే సాధనం కాదు, బతుకుదెరువుకు అడ్డుగా పెట్టిన గేటు. అన్‌ఫిట్ అయినవాడి వీసా పోతుంది, వీధిలో మాట పుడుతుంది. ఫిట్ అయినవాడు తనకు ఏ సుఖవ్యాధీ లేదని ధీమాగా ఉంటాడు, కాని ఆ పరీక్షలో క్లమీడియా, గనేరియా, హెచ్‌పీవీ, హెర్పిస్ లేనే లేవు. పైగా ఏ పరీక్షకైనా విండో పీరియడ్ ఉంటుంది, అంటే సూక్ష్మజీవి ఒంట్లోకి ప్రవేశించినా పరీక్షకు దొరకని తొలి రోజులు. హెచ్ఐవీ యాంటీబాడీ పరీక్షలకు అది మూడు నెలల వరకు ఉండవచ్చు.

కళాశాలల్లో జరిగే రక్తదాన శిబిరాల దగ్గర విండో పీరియడ్‌ను మరచే పొరపాటు మరింత ప్రమాదకరంగా మారుతుంది. దానంగా వచ్చిన రక్తానికి హెచ్ఐవీ, హెపటైటిస్ బి, సి, సిఫిలిస్, మలేరియా పరీక్షలు చేయడం చట్టప్రకారం తప్పనిసరి గనుక, తమకు జబ్బు ఉందో లేదో ఎవరినీ అడగకుండా ఉచితంగా తెలుసుకోవచ్చునని రక్తం ఇచ్చేవారు ఉంటారు. వారు విండో పీరియడ్‌లో ఉంటే ఆ రక్తం పరీక్షలను దాటిపోయి మరొకరికి ఎక్కే ప్రమాదం ఉంది. పాతబస్తీకి దగ్గర్లోని శివరాంపల్లిలో తలసీమియా, సికిల్ సెల్ సొసైటీకి వచ్చే పిల్లలకు కొన్ని వారాలకొకసారి రక్తం ఎక్కించకపోతే బతుకు లేదు. అనుమానం ఉన్న మనిషి వెళ్లవలసింది శిబిరానికి కాదు, ఉచితంగా, పేరు బయటపడకుండా పరీక్ష చేసే ప్రభుత్వ కేంద్రానికి.

ముప్పు ఉందని నమ్మినవారు పరీక్షకు వెళతారా అన్న ప్రశ్నకు పాత సమాధానం ఒకటి ఉంది. 1950లలో అమెరికా ప్రజారోగ్య శాఖలో పనిచేసిన మనస్తత్వ శాస్త్రవేత్త గాడ్‌ఫ్రీ హాక్‌బామ్, క్షయ కోసం ఉచితంగా ఎక్స్‌రే తీస్తామన్నా జనం ఎందుకు రావడం లేదో తెలుసుకోవడానికి మూడు నగరాల్లో వెయ్యిమందికి పైగా పౌరులను అడిగాడు. లక్షణాలు లేకపోయినా తనకు క్షయ ఉండవచ్చునని, ముందే కనిపెడితే లాభమని, ఈ రెండూ నమ్మినవారిలో 82 శాతం ఎక్స్‌రే తీయించుకున్నారు; ఏదీ నమ్మనివారిలో 21 శాతమే. ఆరోగ్య విశ్వాస నమూనా అనే సిద్ధాంతం ఈ పని నుంచే రూపుదిద్దుకుంది. ముప్పు అంచనా ఒక్కటే చాలదని, వెళితే మేలు జరుగుతుందన్న నమ్మకం ఉండాలని, దారిలోని అడ్డంకి మేలు కన్నా పెద్దదిగా కనబడకూడదని దాని సారం.

పాతబస్తీ విద్యార్థికి ఆ అడ్డంకి దూరం కాదు: సిటీ కాలేజీకి మూసీ ఆవలి ఒడ్డున, నడిచి వెళ్లగల దూరంలో అఫ్జల్‌గంజ్‌లో ఉస్మానియా జనరల్ ఆసుపత్రి ఉంది, అందులో చర్మ, సుఖవ్యాధుల విభాగం ఉంది. బోధనాసుపత్రుల్లో, పెద్ద ప్రభుత్వాసుపత్రుల్లో జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ సురక్ష క్లినిక్‌ల పేరుతో ఉచిత చికిత్స అందిస్తోంది. అక్కడి మందులు రంగురంగుల కిట్లుగా వస్తాయి: చీము కారుతుంటే బూడిద రంగుది, యోనిస్రావానికి ఆకుపచ్చది, పుండుకు తెల్లది, ఇలా ఏడు. ల్యాబ్ ఫలితం కోసం ఆగకుండా లక్షణాన్ని బట్టి అదే రోజు మందు ఇచ్చే ఈ పద్ధతి పేద దేశాల్లో లక్షల మందికి మేలు చేసింది. దాని పరిమితి కూడా అందులోనే ఉంది: లక్షణం లేనివారికి సాధారణంగా కిట్ అందదు. లక్షణం ఉంటేనే జబ్బు అన్న విద్యార్థి నమ్మకం, లక్షణం ఉంటేనే చికిత్స అన్న వ్యవస్థ పద్ధతి ఒకదాన్నొకటి బలపరుస్తున్నాయి. క్లమీడియా, గనేరియాలను జన్యుపదార్థం ద్వారా పట్టుకునే పరీక్షలు ప్రైవేటు ల్యాబుల్లో విద్యార్థికి అందని ధరలో ఉన్నంతకాలం ఆ ముడి వీడదు.

అడ్డంకుల్లో ఒకదాన్ని చట్టం ఇప్పటికే తొలగించింది. 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లో ఉన్న హెచ్ఐవీ, ఎయిడ్స్ చట్టం ప్రకారం, వ్యక్తి సమ్మతి లేకుండా హెచ్ఐవీ పరీక్ష చేయకూడదు, ఫలితాన్ని ఇతరులకు వెల్లడించకూడదు, హెచ్ఐవీ ఉందన్న కారణంతో విద్యాసంస్థ ఎవరినీ గెంటివేయకూడదు. 18 ఏళ్లు నిండిన విద్యార్థి తన పరీక్షకు తానే సమ్మతి ఇవ్వవచ్చు, ఇంట్లో చెప్పనక్కర్లేదు. తెలియకపోవడం మరో అడ్డంకి: ముప్పు కలిగిందని వెంటనే గుర్తించినవారు 72 గంటల్లోపు వైద్యుడిని కలిస్తే, 28 రోజుల పాటు వాడే మందులతో హెచ్ఐవీని నివారించే అవకాశం ఉంది. ఈ గడువు తెలియక మూడో రోజు దాటిపోయినవారికి ఆ అవకాశం లేదు.

ఎయిడ్స్ అవగాహన కోసం కళాశాలల్లో పెట్టిన రెడ్ రిబ్బన్ క్లబ్బులు ప్రపంచ ఎయిడ్స్ దినమైన డిసెంబరు 1న ర్యాలీ తీసి, నినాదాల పోటీ పెట్టి ఆగిపోకూడదు. మొదటి సంవత్సరం విద్యార్థులందరికీ, అబ్బాయిలకు, అమ్మాయిలకు, వారికి అర్థమయ్యే తెలుగులోను ఉర్దూలోను, లక్షణం లేకుండా జబ్బు ఉండగలదన్న సంగతి, 72 గంటల గడువు, హెచ్‌పీవీ టీకా వయసు, దగ్గరి సురక్ష క్లినిక్ చిరునామా రాసిన ఒక్క కాగితం అందించడానికి నిధులు అడ్డం కావు. ఎవరికి వస్తుందన్న ప్రశ్నను ఆ కాగితంలో ఎక్కడా అడగకూడదు. ఎలా వస్తుంది, ఎప్పుడు పరీక్షించుకోవాలి, ఎక్కడికి వెళ్లాలి అన్నవే ఉండాలి. ఇది చదువుతున్న అధ్యాపకులు ఆ కాగితాన్ని ఈ ఏడాదే తయారుచేయాలి. తొలిదశలో దొరికిన సవాయికి 24 లక్షల యూనిట్ల బెంజథీన్ పెన్సిలిన్ ఒక్క మోతాదు చాలు, సురక్ష క్లినిక్‌లో అది ఉచితం. జాతీయ సహాయవాణి 1097కు ఫోన్ చేయడానికి పైసా ఖర్చు లేదు, చేసినవారు పేరు చెప్పనక్కర్లేదు.